పొలిమేర గీతలు: షేప్ ఫైళ్లపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మండలాల సరిహద్దుల షేప్ ఫైలు (గీతలనూ వాటి వివరాల పట్టికనూ దాచే కంప్యూటర్ పటం ఫైలు) ఒకటి దొరికింది. తెరిచి చూస్తే గీతలన్నీ శుభ్రంగానే ఉన్నాయి. దీన్ని నమ్మి పని మొదలుపెట్టే ముందు ఏం చూసుకోవాలి?
*ప్రణాళికా విభాగంలో డేటా ఆపరేటర్, ఒంగోలు*

గీతల శుభ్రత సంగతి తర్వాత. ముందు ఆ ఫైలు ఏ తేదీ నాటి సరిహద్దులను చూపిస్తోందో తేల్చండి. ఫైలు తయారైన తేదీ, దాన్ని పోర్టల్‌లో పెట్టిన తేదీ ఇందుకు పనికిరావు. గీతలు ఏ గెజిట్ వరకు వచ్చిన మార్పులను కలుపుకొన్నాయన్నదే లెక్క. చాలా ఫైళ్లలో ఈ ముక్క ఎక్కడా రాసి ఉండదు. దాన్ని గీతల నుంచే రాబట్టాలి.

తెలంగాణ ఫైలైతే జిల్లాలు లెక్కపెట్టండి. 10 వస్తే 2016 అక్టోబరు 11కు ముందుది. 31 వస్తే ఆ రోజు తర్వాతది. ములుగు, నారాయణపేట విడిగా కనిపించి 33 వస్తే 2019 ఫిబ్రవరి 17 తర్వాతది. 33 ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అని ఉంటే అది 2021 ఆగస్టుకు ముందుది, హనుమకొండ, వరంగల్ అని ఉంటే ఆ తర్వాతది.

ఆంధ్రప్రదేశ్ ఫైలులో 13 జిల్లాలుంటే 2022 ఏప్రిల్ 4కు ముందుది, 26 ఉంటే ఆ రోజు తర్వాతది. అయితే 13 జిల్లాల ఫైళ్లలోనూ రెండు రకాలున్నాయి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతాన్ని 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం తెలంగాణకే మిగిలింది. పాత లెక్కలో ఆంధ్రప్రదేశ్ వైశాల్యం 1,60,205 చదరపు కిలోమీటర్లు, ఇవి కలిశాక 1,62,970. మీ ఫైలులోని రాష్ట్ర వైశాల్యం 1,60,000 దగ్గర ఆగిపోతే ఆ ఏడు మండలాల సంగతి చూడండి.

కంటితో చూడాలంటే భద్రాచలం దగ్గర జూమ్ చేయండి. ఇప్పుడు భద్రాచలం మండలమంటే దాదాపు పట్టణమంతే. గోదావరికి ఉత్తర గట్టున చిన్న ముక్కలా ఉంటుంది, పక్కనున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌ది. మీ ఫైలులో భద్రాచలం పెద్ద మండలంగా పరుచుకొని కనిపించి, ఎటపాక లేదా నెల్లిపాక అన్న పేరే లేకపోతే ఆ గీతలు 2014 మార్పుకు ముందువి.

తేదీ తేలాక ఫైలు పేరులోనే దాన్ని రాసిపెట్టుకోండి. ‘మండలాలు_ఫైనల్_కొత్తది_2’ లాంటి పేరుతో దాచుకుంటే ఆరు నెలలకు మీకే అర్థం కాదు. పట్టికలో రెండు నిలువు వరుసలు కూడా కలపండి. ఒకటి ఈ సరిహద్దు ఎప్పటి నుంచి అమల్లో ఉందో చెప్పాలి, రెండోది ఎప్పటి వరకో చెప్పాలి. పాత గీతను చెరిపేసి కొత్తది గీయొద్దు. పాతదానికి ముగింపు తేదీ వేసి, కొత్తదాన్ని మరో వరుసగా చేర్చండి. గెజిట్ నంబరుకు కూడా ఒక గడి ఉంచండి.

తెలుగు పేర్లు వేసి షేప్ ఫైలుగా సేవ్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. కొన్ని పేర్లు మధ్యలో తెగిపోతున్నాయి. ఫాంటు మార్చినా లాభం లేదు.
*జీఐఎస్ విద్యార్థిని, విశాఖపట్నం*

ఫాంటుకూ దీనికీ సంబంధం లేదు. షేప్ ఫైలంటే ఒక్క ఫైలు కాదు, ఒక గుంపు. ఎస్‌హెచ్‌పీలో గీతలుంటాయి, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో వాటి సూచిక ఉంటుంది, డీబీఎఫ్‌లో పట్టిక ఉంటుంది. ఈ మూడూ లేనిదే అది సరిగా తెరుచుకోదు. పీఆర్‌జే ఏ కొలత పద్ధతో చెబుతుంది, సీపీజీ అక్షరాలను ఏ ఎన్‌కోడింగ్‌లో, అంటే బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో రాశారో చెబుతుంది. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపేటప్పుడు చివరి రెండూ రాలిపోవడం రోజూ చూసేదే. సీపీజీ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఏదో ఒక ఎన్‌కోడింగ్ ఊహించుకుంటుంది, తెలుగు గజిబిజి అవుతుంది. నోట్‌ప్యాడ్‌లో ‘యూటీఎఫ్-8’ అని ఇంగ్లిష్‌లో ఒక్క ముక్క రాసి, అదే పేరుతో సీపీజీగా పక్కన పెడితే చాలాసార్లు పేర్లు తిరిగొస్తాయి. సేవ్ చేసేటప్పుడే ప్రశ్నార్థకాలుగా మారిపోయి ఉంటే మాత్రం అసలు అక్షరాలు పోయినట్టే. మూల ఫైలుకు వెళ్లాల్సిందే.

పేర్లు తెగడానికి కారణం డీబీఎఫ్. అది అక్షరాలను కాదు, బైట్లను లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, వత్తు రావడానికి వేసే పొల్లుకు మరో మూడు. ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికే 12 బైట్లు. ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ మొత్తం 87 బైట్లు. నిలువు వరుస వెడల్పు 50 పెట్టి ఉంటే సరిగ్గా ‘శ్రీ పొట్టి శ్రీరా’ దగ్గర కత్తెర పడుతుంది. మీకు తెగిన పేర్లు లెక్కపెట్టి చూడండి, ఇదే కనిపిస్తుంది. డీబీఎఫ్‌లో అక్షరాల గడి గరిష్ఠంగా 254 బైట్లు, అంటే తెలుగులో 84 గుర్తులు. నిలువు వరుస పేరుకైతే 10 అక్షరాలే. ‘డిస్ట్రిక్ట్ కోడ్’, ‘డిస్ట్రిక్ట్ నేమ్’ అని ఇంగ్లిష్‌లో రెండు వరుసలకు పేర్లు పెడితే రెండూ పదో అక్షరం దగ్గర తెగి దాదాపు ఒకేలా మిగులుతాయి.

పని మొత్తం జియోప్యాకేజీ అనే మరో పటం ఫైలు రూపంలో చేసుకోండి. ఈ బాధలేవీ ఉండవు. షేప్ ఫైలే కావాలని ఎవరైనా పట్టుబడితే చివర్లో ఒక నకలు తీసి ఇవ్వండి.

ఇంకో చిన్న మాట. సర్వే ఆఫ్ ఇండియా సరిహద్దు ఫైళ్లు కొన్నింటిలో ఇంగ్లిష్ పేర్ల మధ్య ‘>’, ‘|’, ‘@’ గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని కంగారుపడకండి. దీర్ఘాలను చూపడానికి వాడిన గుర్తులవి: ‘>’ అంటే ఆ, ‘|’ అంటే ఈ, ‘@’ అంటే ఊ. వెతికి మార్చుకుంటే సరిపోతుంది.

ఎక్సెల్ పట్టికను మండలాల పటానికి జోడిస్తే కొన్ని మండలాలు ఖాళీగా మిగిలిపోతున్నాయి. పేర్లన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి కదా?
*ఆరోగ్య విభాగం గణాంక సహాయకుడు, మహబూబ్‌నగర్*

పేరుతో జోడించడమే తప్పు. కంటికి ఒకేలా కనిపించే రెండు పేర్లలో ఒకదాని చివర ఖాళీ ఉండవచ్చు, ‘పల్లి’కి ‘పల్లె’ ఉండవచ్చు. కడప ఒక్కదానికే ఇంగ్లిష్ ఫైళ్లలో కడప, కడ్డపా, వైఎస్సార్, వైఎస్సార్ కడప అని నాలుగు రూపాలు దొరుకుతాయి. ఖాళీలు మిగిలితే కనీసం తెలుస్తుంది. తప్పుగా కుదిరిపోతేనే ప్రమాదం. ‘వరంగల్’ అన్న పేరునే చూడండి. 2016కు ముందు అది పాత ఉమ్మడి జిల్లా. 2021 తర్వాత, కొన్ని మార్పులతో, అంతకుముందు వరంగల్ రూరల్ అనుకున్నది. పాత లెక్కను కొత్త పటానికి పేరుతో జోడిస్తే కంప్యూటర్ ఏ అభ్యంతరమూ చెప్పదు. ఉమ్మడి జిల్లా జనాభా అంతా చిన్న జిల్లా మీద పడుతుంది.

కోడుతో జోడించండి. ఏ కోడో కూడా స్పష్టంగా ఉండాలి. 2011 జనగణన కోడ్లు వేరు, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ (ఎల్‌జీడీ) కోడ్లు వేరు. రాష్ట్రాల స్థాయిలోనే తిరకాసు ఉంది. ఎల్‌జీడీలో ఆంధ్రప్రదేశ్ 28, తెలంగాణ 36, లడాఖ్ 37. జీఎస్టీలో తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. ఈ రెండు పట్టికలను కలిపితే ఆంధ్రా వ్యాపారుల లెక్కలు లడాఖ్ ఖాతాలో పడతాయి. జిల్లాలకు 2011 జనగణన కోడ్లు 532 (ఆదిలాబాద్) నుంచి 554 (చిత్తూరు) వరకు. ఇవి ఉమ్మడి రాష్ట్రపు 23 జిల్లాలవి. కొత్త జిల్లాకు వీటిలో ఏదో ఒకటి తగిలించి ఉంటే ఆ ఫైలు తయారుచేసినవారు తొందరపడ్డారన్నమాట.

మీ ఖాళీలకు ఇంకో కారణం కూడా ఉండవచ్చు. జనగణనలో మండలం కోడు ఐదంకెలది, సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారా, ముందు సున్నా ఎగిరిపోయి నాలుగంకెలే మిగులుతాయి. పటంలో కోడు అక్షరాల రూపంలో, పట్టికలో సంఖ్య రూపంలో ఉంటే అవి కలవవు. పట్టికను డబుల్ క్లిక్ చేసి తెరవకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసుకొని, ఆ నిలువు వరుసను ‘టెక్స్ట్’గా ఎంచుకోండి. సున్నాలు ఇప్పటికే పోయి ఉంటే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లోని ఫీల్డ్ కాలిక్యులేటర్‌లో ఎల్‌పాడ్ ఫంక్షన్‌తో ఐదంకెలకు నింపండి.

జోడించాక రెండు వైపులా లెక్క చూడండి. పటంలో ఉండి పట్టికలో లేనివి ఎన్ని? పట్టికలో ఉండి పటంలో లేనివి ఎన్ని? రెండో లెక్కను చాలామంది చూడరు, ఎందుకంటే అవి పటంలో ఖాళీగా కూడా కనిపించవు.

గ్రామ సరిహద్దుల మధ్య సన్నని సందులు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట్లు వేలల్లో ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి సరిచేసే మార్గముందా?
*సర్వే కాంట్రాక్టు సంస్థ ఉద్యోగి, విజయవాడ*

ఉంది, కానీ ఆ బటన్ మీద వెంటనే చెయ్యి వేయకండి.

అసలు సందులు ఎందుకొస్తాయి? రెండు ఊళ్ల మధ్య పొలిమేర ఒక్కటే. దాన్ని ఈ ఊరి పటం చూసి ఒకరు, ఆ ఊరి పటం చూసి ఇంకొకరు గీశారు. రెండు గీతలూ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ అయ్యాయి. పొలిమేరను ఒక్కసారే గీసి, ఆ గీతల నుంచి పాలిగాన్లు (గీతలతో మూసిన ఆకారాలు) తీస్తే సందు వచ్చే వీలే లేదు. మళ్లీ గీయించే అవకాశం ఉంటే ఆ పద్ధతే పట్టండి. లేదంటే ఈ వరుసలో వెళ్లండి.

మొదట క్యూజీఐఎస్‌లో ‘చెక్ వాలిడిటీ’ నడపండి. తనను తానే కోసుకున్న గీతలున్న పాలిగాన్లు బయటపడతాయి. వీటిని సరిచేయకుండా ముందుకెళ్తే తర్వాతి పరీక్షల ఫలితాలు నమ్మలేం. ‘ఫిక్స్ జామెట్రీస్’ సరిచేస్తుంది, కానీ ఎనిమిది ఆకారంలో మెలిపడిన పాలిగాన్‌ను రెండు ముక్కలు చేస్తుంది. అందుకే ముందూ వెనకా వైశాల్యం రాసిపెట్టుకొని, తేడా వచ్చిన ఊళ్లను చేత్తో చూడండి.

తర్వాత ‘టోపాలజీ చెకర్’లో మూడు నియమాలు పెట్టండి: ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు, మధ్యలో సందు ఉండకూడదు, ఒకే పాలిగాన్ రెండుసార్లు ఉండకూడదు. వచ్చిన జాబితాలో రాష్ట్రపు బయటి అంచు కూడా సందుగా కనిపిస్తుంది. దాన్ని వదిలేయండి.

ఇక ఏది నిజమైన సందు, ఏది గీతల తేడా? వైశాల్యం ఒక్కదాన్నే చూస్తే మోసపోతాం. ఆకారం కూడా చూడాలి. వైశాల్యాన్ని 4π తో హెచ్చవేసి, చుట్టుకొలత వర్గంతో భాగించండి. వృత్తానికి 1, చతురస్రానికి 0.785 వస్తుంది. 500 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న పీలికకు 0.012 వస్తుంది. 0.05 కంటే తక్కువ వస్తే దాదాపుగా గీతల తేడాయే. ఎక్కువ వస్తే ఆగి చూడాలి. అది ఎవరి ఫైలులోనూ చేరని ఊరో, అటవీ భూమో కావచ్చు.

గీతలను దగ్గరకు లాగే స్నాపింగ్ దూరం ఎంత పెట్టాలన్నది మూల పటం స్కేలును బట్టి నిర్ణయించండి. 1:7920 పటం మీద, అంటే మైలుకు 8 అంగుళాల లెక్కన, అర మిల్లీమీటరు గీత నేల మీద సుమారు 4 మీటర్లు. అక్కడ 4 మీటర్లు పెడితే అర్థముంది. 20 మీటర్లు పెడితే సన్నని పోరంబోకు పట్టీలు, డొంకలు మాయమవుతాయి.

ఆటోమేటిక్ బటన్ వద్దన్నది ఇందుకే. యానాం పుదుచ్చేరిది. ఆంధ్రప్రదేశ్ పాలిగాన్‌లో అక్కడ రంధ్రం ఉండి తీరాలి. ‘డిలీట్ హోల్స్’ నొక్కితే యానాం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోతుంది. కొఠియా గ్రామాల సంగతి దీనికి తలకిందులు. సాలూరు వైపు ఆంధ్రప్రదేశ్, కోరాపుట్ వైపు ఒడిశా, ఆ 21 ఊళ్లు తమవేనంటున్నాయి. రెండు రాష్ట్రాల ఫైళ్లు కలిపితే అక్కడ ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంది. అది గీతల తప్పు కాదు, తీరని వివాదం. సాఫ్ట్‌వేర్‌తో తీర్పు చెప్పించకుండా ఆ భాగాన్ని విడి పాలిగాన్‌గా ఉంచి ‘వివాదాస్పదం’ అని గుర్తుపెట్టండి. మొత్తం వైశాల్యంలో ఒక్కసారే లెక్కించండి. ఇలా ఉంచాల్సిన సందుల, అతివ్యాప్తుల జాబితా ఒకటి పక్కన పెట్టుకుంటే ప్రతిసారీ అవే చూసుకొనే పని తప్పుతుంది.

ఉపగ్రహ చిత్రంలో వాగు పక్కకు జరిగిందని పొలిమేరను వాగు వెంట జరపకండి. వాగు దారి మార్చుకున్నంత మాత్రాన రికార్డులోని హద్దు మారదు. రెండు ఊళ్ల రికార్డులు, మూడు ఊళ్లు కలిసేచోట పాతిన ట్రై జంక్షన్ రాయి, ఇవే ఆధారం.

గ్రామాలు తేలాక మండలాల, జిల్లాల గీతలను విడిగా సరిచేయొద్దు. గ్రామాలను మండలం కోడుతో ‘డిసాల్వ్’ చేస్తే, అంటే లోపలి గీతలు తీసి కలిపేస్తే మండలాలు, మండలాలను చేస్తే జిల్లాలు, జిల్లాలను చేస్తే రాష్ట్రం వస్తాయి. డిసాల్వ్ అయిన జిల్లా లోపల వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తే గ్రామాల పొరలో ఇంకా సందులున్నట్టు. ఇంతకు మించిన పరీక్ష లేదు.

పాత టోపోషీట్ (సర్వే ఆఫ్ ఇండియా స్థలాకృతి పటం) ఆధారంగా కూర్చిన గ్రామ పటం ఉపగ్రహ చిత్రం మీద పక్కకు జరిగి పడుతోంది. ఎందుకు?
*డ్రాఫ్ట్స్‌మన్, నల్గొండ*

ఎలా జరిగిందో చూస్తే కారణం దొరుకుతుంది. పటమంతా ఒకే దిశలో, ఒకే దూరం, వందా రెండు వందల మీటర్లు జరిగి ఉంటే అది డేటమ్ తేడా, అంటే అక్షాంశ రేఖాంశాలను కొలవడానికి ఆధారంగా తీసుకున్న భూమి నమూనాలో తేడా. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం మీద ఉన్నాయి, ఉపగ్రహ చిత్రం డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంది. ఒకే అక్షాంశ రేఖాంశాల అంకెలు రెండింటిలో వేర్వేరు చోట్లను చూపిస్తాయి. పటాన్ని చేత్తో లాగి సర్దకండి. మూలానికి ‘కల్యాణ్‌పూర్ 1975’, అంటే కొలత పద్ధతుల ఈపీఎస్‌జీ జాబితాలో 4146 అని చెప్పి, అక్కడి నుంచి డబ్ల్యూజీఎస్ 84 కోడైన 4326కు మార్చండి. జాబితాలో ‘ఇండియన్ 1975’ అని 4240 కూడా కనిపిస్తుంది. పేరు చూసి మోసపోవద్దు, అది థాయిలాండ్‌ది.

ఒక మూల సరిపోయి మరో మూలకు వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంటే కాగితం సాగడమో, కంట్రోల్ పాయింట్లన్నీ (పటాన్ని నేల మీది చోట్లతో జతచేసే గుర్తులు) ఒకే పక్క పెట్టడమో కారణం. నాలుగు మూలలా, మధ్యలో కలిపి కనీసం ఎనిమిది పాయింట్లు పెట్టండి. వాటిలో రెండింటిని లెక్కలో వాడకుండా పక్కన ఉంచి, చివర్లో వాటి దగ్గర తేడా కొలవండి. సాఫ్ట్‌వేర్ చూపే ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు తేడా) అంకె మీరు వాడిన పాయింట్ల దగ్గర ఎంత సరిపోయిందో చెబుతుంది, పటం ఎంత సరైనదో చెప్పదు.

సైజే ఏకంగా తప్పితే కొలత ప్రమాణం చూడండి. గంటర్ గొలుసు 66 అడుగులు, 100 లింకులు. ఒక లింకు 20.1 సెంటీమీటర్లు. లింకులను అడుగులని చదివితే పొలం ఒకటిన్నర రెట్లు సాగుతుంది.

ఒకే జిల్లాకు మూడు సాఫ్ట్‌వేర్లు మూడు వైశాల్యాలు చూపిస్తున్నాయి. ఏది నమ్మాలి?
*భూగోళశాస్త్ర లెక్చరర్, అనంతపురం*

ఆన్‌లైన్ పటాలు వాడే వెబ్ మెర్కేటర్ (3857) ప్రొజెక్షన్‌లో, అంటే గుండ్రటి భూమిని చదునుగా పరిచే ఆ పద్ధతిలో కొలిచినదాన్ని వెంటనే పక్కన పెట్టండి. మన 17 డిగ్రీల అక్షాంశం దగ్గర అది వైశాల్యాన్ని సుమారు 9 శాతం పెంచి చూపిస్తుంది. 1,000 చదరపు కిలోమీటర్లు 1,090కి పైగా అవుతాయి. భూమిని 6 డిగ్రీల నిలువు జోన్లుగా విడదీసే యూటీఎం ఒక జోన్ లోపల బాగానే ఉంటుంది. అయితే 44వ జోన్ 78 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకే. మీ అనంతపురం, ఆదోని 43లో పడతాయి, ఇచ్ఛాపురం 45లో. రాష్ట్రమంతటికీ ఒకటే కావాలంటే ఆల్బర్స్ లాంటి సమవైశాల్య ప్రొజెక్షన్ తీసుకోండి, లేదా ప్రాజెక్టులో ఎలిప్సాయిడ్‌ను (గోళాభాన్ని) డబ్ల్యూజీఎస్ 84గా ఉంచి క్యూజీఐఎస్‌లోని ‘$ఏరియా’తో కొలవండి. రెవెన్యూ రికార్డు అంకెతో ఇది అచ్చంగా కలవదు. కలవాలని గీతలు జరపొద్దు.

వెబ్‌సైట్ కోసం ఫైలు తేలిక చేస్తే జిల్లాల మధ్య ఖాళీలు వచ్చాయి.
*వెబ్ డెవలపర్, హైదరాబాద్*

ఒక్కో పాలిగాన్‌ను విడిగా తేలిక చేస్తే అంతే. ఉమ్మడి గీతను గుర్తించే మ్యాప్‌షేపర్ లాంటిది వాడండి. దశాంశాలు ఐదు చాలు, అది సుమారు ఒక మీటరు. పదిహేను అంకెలు మోయడం వల్ల కచ్చితత్వం రాదు, ఫైలు బరువెక్కుతుంది. దేశపు బయటి సరిహద్దు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా గీతే ఉండాలి. విదేశీ ఉచిత ఫైళ్లలోని కశ్మీర్ గీతతో ఇక్కడ పటం ప్రచురిస్తే అది చట్టపరమైన నేరం.

2011 జనాభాను ఇప్పటి జిల్లాలకు ఎలా పంచాలి? వైశాల్యం నిష్పత్తిలో పంచేయవచ్చా?
*పరిశోధక విద్యార్థి, తిరుపతి*

వద్దు. ఒకే జిల్లాలో కొండ, అడవి ఒక వైపు, పట్టణాలు ఇంకో వైపు ఉంటాయి. అడవి ఎకరాకూ ఊరి ఎకరాకూ ఒకే జనాభా వేసినట్టవుతుంది. 2011 గ్రామాల, పట్టణాల కోడ్ల జాబితా తీసుకొని, ప్రతి ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందో ఎదురుగా రాసి కూడండి. ఒకే ఊరు రెండుగా చీలిన చోట మాత్రం పంపకం అంచనానే. ఆ వరుసలకు గుర్తుపెట్టండి. చివర్లో మీ జిల్లాల మొత్తాన్ని 2011లోని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాతో సరిచూడండి, రెండు రాష్ట్రాలూ కలిపి. ఒక్క రాష్ట్రంతోనే చూస్తే పోలవరం మండలాల దగ్గర తేడా వస్తుంది. 2027 జనగణనకు సరిహద్దులు 2025 డిసెంబరు 31 నాటి స్థితిలో స్తంభించాయి కాబట్టి మీ జాబితాలో ఎదురు వరుసను ఆ తేదీకే కట్టండి. కొత్త లెక్కలు వచ్చినప్పుడు ఇదే జాబితా పనికొస్తుంది.